కొరియాలో చాప ఎక్కడ పరవాలి?

విదేశయానానికి డబ్బు కావాలని అనుభవం లేనివారు అనుకుంటారు. నిజానికి కావలసింది తోడల్లుడు. మా తోడల్లుడు పోయిన ఏడాది సకుటుంబంగా దక్షిణ కొరియా వెళ్ళివచ్చి, దసరాకు మా అత్తగారింట్లో అందరమూ విస్తళ్ళ ముందు కూర్చుని లేవలేని సమయం చూసి, నాలుగు వందల ఫొటోలు వరుసగా చూపించాడు. పాయసం చల్లారిపోయింది గానీ, మేమూ కొరియా వెళ్ళితీరాలన్న విషయంలో ఆ క్షణం నుంచి మా ఇంట్లో రెండో అభిప్రాయం లేదు. వెళ్ళి ఏమి చూడాలి, ఎక్కడ బస చేయాలి అన్న రెండు చిన్న ప్రశ్నలే మిగిలాయి. వాటి పరిష్కారానికి నా అధ్యక్షతన కుటుంబ సంఘం ఒకటి ఏర్పాటైంది. మా ఆవిడ, ఇంటర్మీడియట్ చదివే మా అమ్మాయి, ఉద్యోగం ఇంకా రావలసి ఉన్న మా అబ్బాయి, డెబ్బై నాలుగేళ్ళ మా అమ్మ అందులో సభ్యులు. అధ్యక్షుడికి ఓటు ఉండదని తొలి సమావేశంలోనే తీర్మానించారు. ఖర్చు మాత్రం అధ్యక్షుడిదే.

భారతీయులు కొరియా వెళ్ళాలంటే వీసా ముందే తీసుకోవాలి. దరఖాస్తుతోపాటు ఏ రోజు ఏ ఊళ్ళో తిరుగుతామో, ఎక్కడ దిగుతామో ఒక పట్టిక జతచేయాలి; అంటే రానిస్తారో లేదో తెలియకముందే, వచ్చాక ఫలానా మంగళవారం ఉదయం ఏమి చేయదలచుకున్నామో ఆ ప్రభుత్వానికి లిఖితపూర్వకంగా విన్నవించుకోవాలి. మేము మంగళవారం ఉదయానికి సియోల్‌లోని గ్యోంగ్‌బొక్‌గుంగ్ రాజప్రాసాదమని రాశాము. ఆ ప్రాసాదానికి సెలవు సరిగ్గా మంగళవారమేనని అమ్మాయి కనిపెట్టింది. మంగళవారం నాడు కొత్త పని ఏదీ తలపెట్టకూడదని నలభై ఏళ్ళుగా మాకు చెబుతూ, ఎవరూ వినక విసిగిపోయిన మా అమ్మకు కొరియా రాజుల మీద అప్పటికప్పుడు గౌరవం కలిగింది.

జోసొన్ రాజులు 1395లో కట్టిన ఆ ప్రాసాదం 1592 నాటి జపాను దండయాత్రలో తగలబడి, రెండు వందల డెబ్బై ఏళ్ళకు పైగా పాడుబడి ఉండి, 1867లో మళ్ళీ లేచి నిలబడింది. ఆ తరువాత జపాను పాలకులు దాని ముంగిట్లోనే తమ పరిపాలనా భవనం కట్టుకోగా, కొరియావారు దానిని 1990లలో కూల్చి పారేసి తమ సింహద్వారం తాము తిరిగి కట్టుకున్నారు. ఇంత చరిత్రను నేను సంఘం ముందు గొంతు సవరించుకుని చదివి వినిపించగా, "అక్కడ హన్‌బోక్ అద్దెకిస్తారు నాన్నా" అని అమ్మాయి దానినంతా ఒక్క ముక్కలో తేల్చేసింది. హన్‌బోక్ అంటే ఆ దేశపు సంప్రదాయ దుస్తులు. అవి ధరించి వచ్చినవారికి ప్రాసాదంలోకి టికెట్టు అక్కరలేదు. టికెట్టు 3,000 వాన్లు, మన లెక్కలో సుమారు రెండు వందల రూపాయలు. ఆ రెండు వందలు ఆదా చేయడానికి మనిషికి దానికి ఎన్నో రెట్ల అద్దె చెల్లించాలన్న ప్రతిపాదన ఏకగ్రీవంగా నెగ్గింది. ఇది మా ఇంట్లో కొత్త సూత్రమేమీ కాదు. చీరల ఎగ్జిబిషన్లలో ఏనాటి నుంచో అమలులో ఉన్నదే. పినతండ్రి కూతురి పెళ్ళిలో పంచె కట్టుకోమంటే పూటంతా అలిగిన మా అబ్బాయి, కొరియా రాజుగారి టోపీ తన తలకు సరిపోయే కొలతలో దొరుకుతుందా అని రాత్రిళ్ళు వెతుకుతున్నాడు. గోల్కొండ కోట మా ఇంటికి పన్నెండు కిలోమీటర్లు. దాని పైదాకా మాలో ఎవరమూ ఎక్కలేదు. ఎండ అన్నది ఒక కారణం, మెట్లు అన్నది ఇంకొక కారణం, ఎప్పుడైనా వెళ్ళవచ్చులే అన్నది అసలు కారణం.

ఇక్కడే మా సంఘానికి మార్గదర్శక సూత్రం దొరికింది. సొంత ఊళ్ళో ఏది మన ముఖం చూడక పడి ఉందో, దానినే విమానమెక్కి వెళ్ళి డబ్బిచ్చి చూడాలి. ఈ సూత్రం ప్రకారం తూర్పు తీరంలో, గాంగ్‌నుంగ్ దగ్గరి జుమున్‌జిన్‌లో, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక బస్టాపు మా పట్టికలో అగ్రస్థానం పొందింది. బీటీఎస్ గాయకులు ఒక ఆల్బం ఫొటోల కోసం అక్కడ ఉత్తుత్తి బస్టాపు వేయించుకుని, పని అయ్యాక పీకించేశారు. వెతుక్కుంటూ వచ్చే అభిమానుల కోసం ఆ ఊరివారు దానిని మళ్ళీ కట్టించారు. దాని దగ్గర బస్సు ఆగదు. జనం వరుసలో నిలబడి, తమ వంతు రాగానే బల్ల మీద కూర్చుని, రాని బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు ఫొటో తీయించుకుని వెళతారు. మా కాలనీ మలుపులోనూ బస్సు ఆగని బస్టాపు ఒకటున్నది, అక్కడ మేము ఎదురుచూసినట్టు నటించనక్కరలేదు కూడా. అయినా దానిని చూడడానికి ఇంతవరకు ఒక్క కొరియా దేశస్థుడూ వచ్చిన దాఖలా లేదు.

బస్సు రాని బస్టాపుకు జోడీగా, రైలు వెళ్ళని స్టేషను కూడా ఆ దేశంలో ఉండడం మా అదృష్టం. 1953 నాటి యుద్ధవిరామ ఒప్పందంతో ఉభయ కొరియాల నడుమ ఏర్పడిన నాలుగు కిలోమీటర్ల వెడల్పు సైనికరహిత మండలం అంచున దొరాసాన్ అనే అందమైన స్టేషను కట్టి, ప్యోంగ్‌యాంగ్ వైపు అని బోర్డు కూడా పెట్టారు. ఆ వైపు రైలు లేదు. ఆ చుట్టుపక్కలే, 1978లో బయటపడిన మూడవ సొరంగంలోకి దిగవచ్చు, దూరదర్శినిలోంచి ఉత్తర కొరియా పొలాలను చూడవచ్చు. రెండు ముక్కలైన దేశంలో ఇంకా ఒకరి ముఖం ఒకరు చూడలేని కుటుంబాలున్నాయన్న సంగతి నేను చెప్పినప్పుడు సంఘం కాసేపు మౌనంగా ఉండి, తోడల్లుడు అక్కడికి వెళ్ళలేదని తెలిసి వెంటనే ఆమోదించింది.

సియోల్ నడిబొడ్డున ఉన్న చొంగ్యేచొన్ కాలువను మాత్రం నేను ఒక్కడినే ప్రతిపాదించి, ఒక్కడినే సమర్థించుకోవలసి వచ్చింది. ఒకప్పుడు కంపు కొడుతుంటే దాని మీద సిమెంటు కప్పి, పైన వంతెన రోడ్డు వేసి, తరువాత ఆ రోడ్డును పగలగొట్టి, 2005లో సుమారు ఆరు కిలోమీటర్ల మేర మళ్ళీ నీళ్ళు పారించారు. ఆ నీళ్ళలో ఎక్కువ భాగం హాన్ నది నుంచి మోటార్లు తోడి పోసేవే. మూసీ నదిని బాగుచేయడమెలాగో తెలుసుకోవడానికి తెలంగాణ మంత్రులు, అధికారులు 2024 అక్టోబరులో వెళ్ళి చూసివచ్చింది ఈ కాలువనే. వారు దాని ఒడ్డున నడిస్తే అధ్యయనం, నేను నడిస్తే షికారు అని మా ఆవిడ వాదన. రెండింటికీ ఉన్న తేడా ఒక్కటేనని, నాది సొంత డబ్బని నేను నివేదికలో నమోదు చేయించాను. మూసీ వంతెన మీదికి రాగానే కారు అద్దాలు ఎత్తేసుకునే మనిషిని కనుక, కాలువ పక్కన ముక్కు మూసుకోకుండా నడవడం ఎలా ఉంటుందో చూడాలని నాకు నిజంగానే ఉన్నది.

జెజు ద్వీపం విషయంలో ఎక్కువ చర్చ జరగలేదు. రాళ్ళు, గాలి, స్త్రీలు పుష్కలంగా ఉన్న ద్వీపమని దానికి పేరు. డెబ్బై దాటిన స్త్రీలు కూడా ఆక్సిజన్ సీసాలు లేకుండా సముద్రంలోకి మునిగి నత్తలు ఏరుకువస్తారని, ఈ హేన్యో సంప్రదాయానికి 2016లో యునెస్కో గుర్తింపు వచ్చిందని చదవగానే మా అమ్మ, "వాళ్ళ కోడళ్ళు ఏం చేస్తున్నారట?" అని అడిగింది. మా ఆవిడ జెజును పట్టికలోంచి కొట్టేసింది.

అన్నిటికంటే క్లిష్టమైనది బస. ఒకప్పుడు కొరియాలో హోటళ్ళ స్థాయిని చుక్కలతో కాక ముగుంగ్వా పూలతో సూచించేవారు. అది మన మందార జాతి పువ్వే కనుక, ఐదు మందారాల హోటలు అంటే వినడానికైనా బాగుండేది. ఇప్పుడు అందరిలాగే వారూ చుక్కల్లోకి దిగారు. సియోల్ పేటల్లో కొనుగోళ్ళకు దగ్గరని మా ఆవిడ మ్యోంగ్‌డాంగ్ అన్నది. రాత్రంతా పాటలు వినిపిస్తాయని అమ్మాయి హోంగ్‌డే అన్నది, అదే కారణం చేత మా అమ్మ హోంగ్‌డే వద్దన్నది. చవకని అబ్బాయి చూపించిన మోటళ్ళు కొన్నింటిలో కార్లు నిలిపే చోట వేలాడే పరదాలు ఎందుకని మా అమ్మ అడగగా, ఎండ తగలకుండా అని అధ్యక్షుడు సమాధానమిచ్చి, ఆ అంశాన్ని తక్షణం వాయిదా వేశాడు.

అంతకంటే చవకైనది జిమ్‌జిల్‌బాంగ్. అది వేడినీళ్ళ స్నానాల ఇల్లు. ఆడవారికి, మగవారికి విడివిడిగా స్నానశాలలుంటాయి గానీ, లోపల ఎవరి ఒంటి మీదా నూలుపోగు ఉండకూడదు. ఆ తరువాత అందరికీ ఒకే రకం జుబ్బా, నిక్కరు ఇస్తే అవి తొడుక్కుని, పెద్ద హాలులో వెచ్చని నేల మీద ఎవరు ఎవరో తెలియకుండా వరుసగా పడుకుంటారు. రెండో భాగం మాకు కొత్త కాదు; పెళ్ళివారి విడిదిలో చిన్నప్పటి నుంచి పడుకున్నాము, అక్కడ తలగడ కోసం పోట్లాట కూడా ఉచితం. మొదటి భాగం విన్న తరువాత మాత్రం మా ఇంట్లో దీపాలు తొందరగా ఆర్పేశారు.

చివరకు బరిలో నిలిచినవి రెండు. మొదటిది హనోక్, అంటే పెంకుల కప్పుతో, కొయ్య స్తంభాలతో, మధ్య చావడితో ఉండే పాతకాలపు ఇల్లు. సరిగ్గా అలాంటి ఇల్లే మా ఊళ్ళో మా తాతగారిది ఒకటుండేది. పెంకులు నేయించలేక, చెదలు వదిలించలేక, అన్నదమ్ములందరమూ అతి కష్టం మీద ఏకాభిప్రాయానికి వచ్చి దానిని కూలగొట్టించి, స్థలం అమ్ముకున్నాము. సియోల్‌లోని బుక్‌చోన్ ఇలాంటి ఇళ్ళకు పేరుపడ్డ పేట. వచ్చిపోయేవారి గోల భరించలేక అక్కడి నివాసులు మొరపెట్టుకోగా, 2024 నవంబరు నుంచి ఒక భాగంలో సాయంత్రం ఐదు మొదలు మర్నాడు ఉదయం పది వరకు యాత్రికులు తిరగరాదని నిబంధన పెట్టారు. మీరితే లక్ష వాన్ల జరిమానా. మా కుటుంబం గుసగుసలు కూడా రెండు వీధుల అవతలికి వినిపిస్తాయి కనుక, అంత ఖరీదైన పేట మాకు వద్దనుకుని, జొన్‌జు పట్టణంలో హనోక్ చూశాము. అక్కడి గదుల్లో మంచాలుండవు. నేల కింద నుంచి వేడి పారించే ఓండోల్ అనే ఏర్పాటు ఉంటుంది, దాని మీద పరుపు పరుచుకుని పడుకోవాలి. నడుము నొప్పికి నేల మీద చాప వేసుకుని పడుకోమని డాక్టరు చెబితే, నలుగురూ ఏమనుకుంటారని మా ఆవిడ పడుకోనివ్వలేదు. అదే నేల మీద కొరియాలో పడుకోవడానికి రాత్రికి పదివేలకు పైగా అవుతుందని తెలిసినప్పుడు ఆమె కళ్ళలో కనిపించిన తృప్తి వర్ణనాతీతం.

రెండవది బౌద్ధాలయంలో బస. 2002లో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలకు వచ్చేవారికి గదులు చాలవని ఆలయాలు తలుపులు తెరిచాయి, తరువాత మూయలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేపుతారు. ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం పెడతారు, ఒక్క మెతుకు వదలకూడదు. ఆపై నూట ఎనిమిది సాష్టాంగ నమస్కారాలు చేయాలి, కొన్నిచోట్ల నమస్కారానికొక పూస చొప్పున గుచ్చి మాల చేసుకోవాలి. నాలుగింటికి లేవడం, ఉల్లి మానడం, మెతుకు వదలకపోవడం ఇన్నాళ్ళూ మా అమ్మ చాదస్తాల కింద లెక్కయ్యేవి. వాటికి ఇప్పుడు ముందస్తు బుకింగు దొరకడం లేదు. పైగా వీసా కోసం మా అబ్బాయి చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చాడు. వీసా వస్తే నూట ఎనిమిది బాకీ. వాటిని కొరియా ఆలయంలో చేసే నూట ఎనిమిదితో సర్దుబాటు చేయవచ్చునా అని అతను అడిగిన ప్రశ్న న్యాయ సలహా కోసం మా పురోహితుని వద్ద పెండింగులో ఉంది.

ఈ చర్చలన్నీ వింటున్న మా అమ్మకు, మనకంటే ముందు ఇలా బయలుదేరిన మనిషి ఒకామె ఉన్నదని నేను చెప్పాను. 13వ శతాబ్దంలో రాసిన సంగుక్ యూసా అనే గ్రంథం ప్రకారం, హో హ్వాంగ్ ఓక్ అనే రాకుమారి పదహారేళ్ళ వయసులో అయుత అనే దేశం నుంచి క్రీస్తు శకం 48లో ఓడ మీద కొరియాకు వచ్చి, అక్కడి గయా అనే రాజ్యానికి రాజైన సురోను పెళ్ళాడింది. అయుత అంటే అయోధ్య అని కొందరు, కాదు తమిళదేశమని కొందరు, అసలు కథే కల్పన అని కొందరు చరిత్రకారులు పోట్లాడుకుంటూ ఉంటారు; బూసాన్ పక్కనున్న గిమ్‌హేలో ఆమె సమాధి మాత్రం ఉంది. మాకు కావలసిన సంగతి వేరే. రాజు మనుషులు ఎదురువచ్చి రాజభవనానికి దయచేయమంటే, ముక్కూ ముఖమూ తెలియని వారి వెంట రానని ఆమె నిలిచిపోయిందట. రాజే దిగివచ్చి కొండపక్కన ప్రత్యేకంగా గుడారం వేయించాక గానీ కదలలేదట. చూపించిన మొదటి బసను కాదన్న భారతీయ యాత్రికుల పరంపర అక్కడి నుంచే మొదలైందని నా పరిశోధన. సముద్రం శాంతించాలని ఆమె ఓడలో తెచ్చిన రాళ్ళని చెప్పే పసా గోపురం కూడా ఆ సమాధి పక్కనే ఉంది.

"రాళ్ళు తీసుకెళ్ళనిచ్చారా?" అని మా అమ్మ అడిగింది.

ఆ రోజుల్లో సామానుకు తూకం లేదని చెప్పాను. మా విషయంలో ఉంది. మనిషికి ఇరవై మూడు కిలోలు. కొరియావారి ఊరగాయ అయిన కిమ్చీలో సాధారణంగా చేపల సాసో, ఉప్పులో ఊరిన రొయ్యలో కలుస్తాయని తెలిసిన నాటి నుంచి, అందులో రెండు కిలోలు ఆవకాయకని మా ఆవిడ కేటాయించింది. జొన్‌జు గది ఫొటో చాలాసేపు తేరిపార చూసిన తరువాత, పరాయివాళ్ళు పడుకున్న పరుపు తనకు వద్దని, తన చాప తాను తెచ్చుకుంటానని మా అమ్మ ప్రకటించింది. తూచి చూశాము. చాప కూడా సరిగ్గా రెండు కిలోలే ఉంది. ఈ అంశం మీద సంఘం నిన్న రాత్రి పదకొండు గంటల వరకు సమావేశమై, ఏమీ తేల్చలేక, చాపను తడిక పక్కన నిలబెట్టి, ఆవకాయ జాడీని దాని పక్కనే పెట్టి, పడుకుంది.