మిల్‌గ్రామ్ అంటే షాకుల ప్రయోగమేనా?

అమెరికన్ సైకాలజిస్టు స్టాన్లీ మిల్‌గ్రామ్ మీద మీరు వేసిన వ్యాసం బాగుంది కానీ, ఆయన జీవితమంతా 1961లో యేల్ యూనివర్సిటీలో మొదలుపెట్టిన కరెంటు షాకుల ప్రయోగం (పైవాడు చెబితే మనిషి ఎదుటివాడికి ఎంత షాకివ్వడానికైనా సిద్ధపడతాడా అని, ఉత్తుత్తి షాకులతో చూసినది) చుట్టూనే తిప్పారు. తర్వాత న్యూయార్క్ సిటీ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా ఉంటూ ఆయన వీధుల్లో చేసిన పనికి ఒక్క పేరా కూడా దక్కలేదు. నన్నడిగితే అసలు సరుకు అక్కడే ఉంది.

విద్యార్థుల్ని సబ్‌వే (అక్కడి భూగర్భ రైలు) ఎక్కించి, కూర్చున్నవాళ్లని "మీ సీటిస్తారా" అని అడగమన్నారు. కారణం చెప్పకుండా అడిగితే దాదాపు 68 శాతం మంది లేచారు, లేదా జరిగారు. "నిలబడి పుస్తకం చదవలేకపోతున్నా" అన్నప్పుడు మాత్రం అది 42 శాతానికి పడిపోయింది! సాకు వినిపిస్తే కాదనడానికి వీలు దొరుకుతుంది మరి. తానే అడగబోతే మిల్‌గ్రామ్‌కు నోట మాట పెగల్లేదట.

మన హైదరాబాద్ లోకల్ రైలు, లింగంపల్లి ఎంఎంటీఎస్‌లో ఈ ప్రయోగం పారదు లెండి. "కొంచెం జరుగన్నా" అంటూనే సగం కూర్చుంటారు. ముగ్గురి సీట్లో నాలుగోవాడు, బ్యాగు ఒళ్లో, ఒక కాలు దారిలో. విసుక్కుంటూనే అందరూ సర్దుకుంటారు.

రోజూ ఒకే ప్లాట్‌ఫాం మీద కనిపిస్తూ ఎన్నడూ పలకరించుకోనివాళ్ల గురించి కూడా ఆయన 1972లో రాశారు. బేగంపేట స్టేషన్‌లో నాకు అలాంటివాళ్లు బోలెడుమంది. ఉస్మానియా సైకాలజీ విద్యార్థులెవరైనా అమీర్‌పేట మెట్రోలో ఆ సీటు ప్రయోగం చేసి చూసి రాస్తే చదవాలనుంది.