సర్కారు కొలువు వదిలి సముద్రంలో దూకిన పిల్ల

ఇంగ్లండ్‌లో క్రిస్సీ వెల్లింగ్టన్ అని ఒక పిల్ల. ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్‌లో నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్: 2007, 2008, 2009, 2011. నీళ్లలో 3.8 కిలోమీటర్ల ఈత, ఒడ్డెక్కగానే 180 కిలోమీటర్ల సైకిల్, అది దిగగానే 42.2 కిలోమీటర్ల పరుగు, అంతా ఒక్క రోజులోనే. ఆ దూరంలో ఆమె దిగిన పోటీలు 13, గెలిచినవి 13. ఇవన్నీ విని మన పిల్లలు చెడిపోయే ప్రమాదం ఉంది. కనుక నల్గొండ జిల్లా తల్లిదండ్రుల పక్షాన ఆమె కెరీర్‌లోని లోపాలను ఎత్తిచూపడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

అన్నిటికన్నా పెద్ద లోపం, సర్కారు కొలువు వదలడం. ఆమెది బ్రిటన్ పర్యావరణ శాఖలో ఉద్యోగం. 2002లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన ప్రపంచ సదస్సు పనుల్లో కూడా ఉంది. అలాంటి సీటు కోసం మా దగ్గర ఎకరం అమ్మి పిల్లగాణ్ని కోచింగ్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టల్లో పెడతారు. ఆమె మాత్రం అదంతా పక్కనబెట్టి నేపాల్ పోయింది, పల్లెల్లో మంచినీళ్లు, మరుగుదొడ్ల పని చేయడానికి! నీళ్ల మీద అంత ప్రేమ ఉంటే ఇంకాస్త కిందికి దిగి మా ఫ్లోరైడ్ పల్లెల మర్రిగూడ దాకా రావాల్సింది. బోరు నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని నాగ్‌పూర్ శాస్త్రవేత్తలు పేరు పెట్టి, మమ్మల్ని దేశదేశాల పుస్తకాల్లోకి ఎక్కించారు. ఆ నీళ్లతో నడుము వంగిపోయినవాళ్లకు ఆ పుస్తకాలు చదివే తీరిక దొరకలేదు, అది వేరే సంగతి.

ఇక వయసు. 2007లో ప్రొఫెషనల్‌గా మారేనాటికి ఆమెకు 30 ఏళ్లు. ఆ వయసు ఆడపిల్ల ఇంట్లో ఉంటే మా వాడకట్టు ఊరుకుంటుందా? “మీ బిడ్డ ఏం జేస్తదక్కా?” “ఈదుతది, సైకిల్ తొక్కుతది, ఉరుకుతది.” “మంచిదే గానీ, జీతమెంత?” ఆ తల్లి ఏమని చెప్పాలి? పైగా మొదట్లోనే ఒక పోటీలో అపశకునం. అరువు తెచ్చుకున్న ఈత సూటు లూజై, లోపల నీళ్లు నిండి, పడవవాళ్లు వచ్చి బయటికి లాగాల్సి వచ్చింది. మనమైతే అప్పుడే ఎల్లమ్మకు మొక్కి, జాతకం చూపించి, డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పెట్టేవాళ్లం. ఆమెకు చెప్పేవాళ్లు లేక, ప్రొఫెషనల్ అయిన ఏడాదే అక్టోబర్‌లో హవాయి వెళ్లి ప్రపంచ టైటిల్ కొట్టుకొచ్చింది. 2011లో అయితే పోటీకి రెండు వారాల ముందు సైకిల్ మీది నుంచి పడి ఒళ్లంతా గీరుకుపోయింది. నెల రోజుల మెడికల్ లీవుకు చక్కటి అవకాశం. అదీ వాడుకోలేదు, పోయి గెలిచింది.

ఆటను ఎలా వాడుకోవాలో తెలియాలంటే తెల్లవారుజామున మా ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు రావాలి. చీకటి విడకముందే వందలమంది ఉరుకుతుంటారు. బైకు హ్యాండిల్‌కు కవర్లో నానబెట్టిన శనగలు వేలాడుతుంటాయి. పోయినసారి అర మార్కుతో పోయిన అన్న ఒకాయన సెల్‌ఫోన్‌లో టైమ్ చూసి అరుస్తుంటాడు. గేటు దగ్గర ఒక తండ్రి, బిడ్డ చెప్పులు బండి ట్యాంకు మీద పెట్టుకుని కూర్చుంటాడు. కానిస్టేబుల్ ఈవెంట్స్ కూడా మూడే: పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్. మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి. సివిల్ పోస్టుకు క్వాలిఫై అయితే చాలు, ఫస్ట్ రావాల్సిన పనే లేదు. ఉద్యోగం వచ్చాక మళ్లీ ఉరకాల్సిన పని అంతకన్నా లేదు. రెండేళ్లకు బెల్టుకు కొత్త రంధ్రం పొడిపించుకుంటారు. ఇదీ పద్ధతి అంటే.

అయినా దేశానికి పతకాలు కావాల్సిందే అని ఎవరైనా పట్టుబడితే, నా దగ్గర ఒక ఉపాయం ఉంది. వచ్చే గ్రూప్-4 నోటిఫికేషన్‌లో ఐరన్‌మ్యాన్ పెట్టండి. ఆర్నెల్లలో దేవరకొండ నుంచి కోదాడ దాకా ఈత కోచింగ్ సెంటర్లు వెలుస్తాయి, ‘ఫీజులో రాయితీ, హాస్టల్ వసతి కలదు’ అన్న ఫ్లెక్సీలతో సహా. పానగల్ ఉదయసముద్రంలో చేపలకు చోటుండదు. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద లారీలు సైకిళ్లకు దారిచ్చి పక్కకు ఆగుతాయి. క్రిస్సీ రికార్డులు మిర్యాలగూడ మెస్సుల్లోనే బద్దలవుతాయి.

ఒక్కటే టెన్షన్. రేసు సైకిళ్లకు స్టాండు ఉండదు కదా, నోటిఫికేషన్‌లో ఆ సంగతి రాయలేదని ఎవరో ఒకరు కోర్టుకు పోతారు. స్టే వస్తుంది. అది తేలేలోగా వయసు దాటిపోతోందని, పరిమితి సడలించాలని క్లాక్ టవర్ సెంటర్లో టెంటు వేస్తారు. సడలింపు ఇవ్వడానికి ఒక కమిటీ, కమిటీకి ఆర్నెల్ల గడువు, దానికి మూడు పొడిగింపులు.