డేటా కేబుల్ గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ డేటా కేబుల్ గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని డ్రాయర్ తెరిచినప్పుడల్లా తెలుస్తూనే ఉంది. ఒక్కరిని లాగితే నలుగురు చుట్టుకుని వస్తున్నారు.

విషయం ఏమిటంటే, కీప్యాడ్ ఫోన్ల రోజుల్లో ఫోన్ మాది, ఫొటో మాది, ఫొటోలో నిలబడ్డ పెద్దమ్మా మాదే. ఆ ఫొటో కంప్యూటర్‌లోకి రావాలంటే మాత్రం తమరి అనుమతి కావాలి. తమరేమో చాలా ఫోన్ల పెట్టెల్లో ఉండేవారే కాదు. ఛార్జర్ ఉండేది, ఇయర్‌ఫోన్ ఉండేది, ఎవరూ చదవని లావుపాటి పుస్తకం ఉండేది. మీకు విడిగా దక్షిణ సమర్పించుకోవాలి.

పోనీ, ఫోన్‌కు గుచ్చే చివరన అందరికీ ఒకే ముఖం చూపించారా? నోకియాకు పాప్-పోర్ట్, సోనీ ఎరిక్సన్‌కు ఫాస్ట్ పోర్ట్, శాంసంగ్‌కు దాని సొంత మూతి. మోటరోలా కాస్త దయతలచి చాలా ఫోన్లకు మినీ యూఎస్‌బీ పెట్టింది. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే నాలుగు కేబుళ్లు. ఒకరి గడప ఇంకొకరు తొక్కరు. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్‌లో మీరంతా గుత్తులు గుత్తులుగా వేలాడుతూ దర్శనమిచ్చేవారు.

నోకియా వారింట్లో సంగతి ఇంకా చిత్రం. డీకేయూ-2, డీకేయూ-5 అని ఇద్దరు. ఒక చివర అదే పాప్-పోర్ట్, రెండో చివర అదే యూఎస్‌బీ. 6230 లాంటి ఫోన్‌కు యూఎస్‌బీ భాష తనంతట తనే వచ్చు కాబట్టి డీకేయూ-2 సరిపోయేది. అది రాని ఫోన్లకు డీకేయూ-5 కావాలి. మాట మార్చి చెప్పే చిప్ దానిలోపలే దాక్కుని ఉండేది. పైకి చూస్తే ఆ తేడా ఎవరికి తెలుస్తుంది? ఒకటి కొని ఇంటికొచ్చాకే తెలిసేది, రెండోది కొనాలని.

ఇక ప్రవేశ విధి. మీతోపాటు అరచేతంత సీడీ ఒకటి వచ్చేది. ముందు అందులోని డ్రైవర్, అంటే మిమ్మల్ని కంప్యూటర్‌కు పరిచయం చేసే సాఫ్ట్‌వేర్, వేయాలి, ఆ తర్వాతే మిమ్మల్ని గుచ్చాలి. తొందరపడి ముందే గుచ్చితే విండోస్ ఎక్స్‌పీ కొత్త హార్డ్‌వేర్ దొరికిందని సంబరపడి, అదేమిటో తెలియదని మరుక్షణమే చేతులెత్తేసేది. ఫోన్‌నూ కంప్యూటర్‌నూ కలిపే నోకియా వారి పీసీ సూట్ తెరిస్తే "నో ఫోన్ కనెక్టెడ్". ఫోనేమో కళ్లెదుటే, మీ చివర వేలాడుతూనే ఉండేది.

మీ బాధ పడలేకే, తీగ లేకుండా కంటికి కనబడని కాంతితో పంపే ఇన్‌ఫ్రారెడ్‌ను ఆశ్రయించాం. పాపం, అది పైసా అడగలేదు. కాకపోతే పెళ్లిచూపులకున్నన్ని మర్యాదలు. రెండు ఫోన్ల నల్ల గాజుముక్కలూ ఎదురెదురుగా ఉండాలి, పక్కచూపులు పనికిరావు, జానెడు దాటితే గ్యారంటీ లేదు, మధ్యలో చెయ్యి అడ్డం రాకూడదు, నేరుగా ఎండ పడకూడదు. ఫోన్లలో దాని మామూలు వేగం మహా అయితే సెకనుకు 115.2 కిలోబిట్లు. అంటే 5 ఎంబీ పాటకు, ఏ ఆటంకమూ లేకపోతే, ఏడు నిమిషాల పైమాటే. ఆటంకం లేకపోతే కదా! హాస్టల్ బల్ల మీద పాట దాదాపు వచ్చేసిందనగా ఒక ఫోన్‌కు కాల్ వచ్చేది. వైబ్రేషన్‌కు అది బుర్రుమంటూ జరిగి జరిగి మొహం పక్కకు తిప్పుకునేది. పాట గోవిందా, మళ్లీ మొదటి నుంచి. కాల్ చేసింది సొంత నాన్నే అయినా ఆ పూటకు శత్రువే.

తర్వాత బ్లూటూత్ వచ్చింది. ఎరిక్సన్ వాళ్లు స్వీడన్‌లో 1994లో ఆ పని మొదలుపెట్టిందే తీగల పీడ వదిలించుకోవడానికి. మీకు చెప్పకుండా దాచి లాభం లేదు. పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు పేరు పెట్టుకున్నా ఏ మాత్రం బెట్టు లేదు. 0000 కొడితే చాలు, జత కుదిరిపోయేది. ఆ మంచితనంలోంచే 2004లో కాబిర్ అనే పురుగు, వైరస్ లాంటిదే, బయల్దేరింది. నోకియా 6600 లాంటి, సింబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే ఫోన్ దగ్గరికి వచ్చి, మెసేజ్ తీసుకుంటారా అని అడిగేది. వద్దంటే మళ్లీ అడిగేది. విసుగెత్తి సరేనన్నవాడి ఫోన్‌లో కాపురం పెట్టి, అక్కడి నుంచి పక్కవాడి ఫోన్‌ను అడిగేది. ఈ విషయంలో మీకో దండం పెట్టాలి: మీ దారిన ఏ దొంగా ఊరికే దూరిపోలేదు. రావాలంటే వాడూ డ్రైవర్ సీడీ తెచ్చుకోవాలి కదా.

2009లో యూరప్‌లో పది కంపెనీలు కూర్చుని ఛార్జింగ్‌కు మైక్రో యూఎస్‌బీ అని ఒప్పుకున్నాయి. 2024 డిసెంబర్ 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లకు టైప్-సీ చట్టమే అయింది. మూతులన్నీ ఒక్కటయ్యాయి, మీ జమీందారీ రద్దయిందని మేం పండగ చేసుకున్నాం.

తీరా చూస్తే, రూపాయి తగ్గించి కొన్న టైప్-సీ వైరు ఛార్జింగ్ పెడుతుందే గానీ ఫొటో మాటెత్తదు. 2023లో వచ్చిన ఐఫోన్ 15 ప్రోలో సెకనుకు 10 గిగాబిట్ల దారి ఉంది. పెట్టెలో పెట్టిన కేబుల్ మాత్రం 480 మెగాబిట్లది, అంటే 2000 నాటి యూఎస్‌బీ 2.0 వేగం. పూర్తి వేగం కావాలా? కేబుల్ విడిగా కొనుక్కోండి. దక్షిణ పద్ధతి మారలేదన్నమాట. ఈసారి ముఖం చూసి గుర్తుపట్టే వీలు కూడా లేకుండా చేశారు.

కనుక విన్నవించుకునేది ఒక్కటే. మీలో ఎవరు డేటా మోస్తారో, ఎవరు కరెంటుతో సరిపెడతారో, ఎవరి వేగం ఎంతో, ఒంటి మీద తెలుగులో కాకపోయినా ఏదో ఒక భాషలో అచ్చు వేయించుకోండి.

ఇట్లు,
డీకేయూ-2, డీకేయూ-5 రెండూ కొన్న మీ కస్టమర్

తా.క.: డీకేయూ-5 సీడీ ఇంకా ఉంది. సీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటరే లేదు.