పేరు ముందే సరిచూసుకోండి

ఎప్‌సెట్ (ఇంజనీరింగ్ లాంటి కోర్సుల ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్, ఆన్‌లైన్లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్ల గురించి మీ వ్యాసంలో బాగా రాశారండి, కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే సర్కారే ఫీజు కట్టే సంగతి రెండు లైన్లలో తేల్చేశారు, మా లాంటోళ్ళకి అసలు తిప్పలన్నీ అక్కడే. పోయినేడు మా అమ్మాయికి యూనివర్సిటీ కాలేజీలోనే కన్వీనర్ సీటు (కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చేది) వచ్చింది, హమ్మయ్య అనుకునేలోపు రీయింబర్స్‌మెంట్‌కి అప్లై చేసే ఈపాస్ వెబ్‌సైట్‌లో పేరు దగ్గర ఆగిపోయింది, టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే. అది మార్పించడానికి పని మానుకొని నాలుగు రోజులు తిరిగినం. ఇంటర్‌లో ఉండగానే ఆ రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. రీయింబర్స్‌మెంట్ రావాలంటే తెలంగాణలో బీసీలకి ఇంటి ఏడాది ఆదాయం ఊర్లలో 1.5 లక్షలు, టౌన్లలో 2 లక్షలు దాటొద్దు, ఎస్సీ ఎస్టీలకి కూడా ఆదాయ పరిమితి ఉంది. ఇన్‌కమ్ సర్టిఫికెట్ మీసేవలో ముందే తీసి పెట్టుకోండి, అడ్మిషన్ల టైంలో రష్ మామూలుగా ఉండదు. ఇంకోటి, స్పాట్‌లోనో (కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లు కాలేజీలోనే ఇచ్చేది) మేనేజ్‌మెంట్ కోటాలోనో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు, ఇది చేరకముందు మనకి ఎవరూ చెప్పరు, తర్వాత ఏడ్చినా లాభం లేదు. అటెండెన్స్ 75 శాతం కన్నా తగ్గినా ఆగిపోతది, పిల్లలకి మొదటి రోజే గట్టిగా చెప్పండి. ఒరిజినల్ మెమోలు కాలేజీలో ఇచ్చేముందు నాలుగు జిరాక్సులు తీసి దాచుకోండి ప్లీజ్.