తుప్పుకు పట్టిన యోగం

విశాఖపట్నంలో తుప్పు ధర పెరిగింది. పాత ఇనుము కొనేవాళ్ళకు ఈ సంగతి ఇంకా తెలియదు. మొన్న ఒక చిత్రకళా ప్రదర్శనకు వెళ్ళి స్వయంగా చూసి వచ్చాను కనుక చెబుతున్నాను. గోడకు వేలాడుతున్న నైరూప్య చిత్రం పేరు 'రేవు-7'. మిశ్రమ మాధ్యమం. వెల 85,000 రూపాయలు. మిగిలిన ఆరు రేవులూ ఎక్కడున్నాయని అడిగాను. అవి అన్వేషణలో భాగమట.

చిత్రం ఎడమ పక్కన గోనెసంచి ముక్క అంటించి, దాని మీద తారు పోశారు. మధ్యలో నాలుగు వేళ్ళ వెడల్పున తుప్పు కిందికి కారి, అడుగుకు జానెడు దూరంలో ఆగిపోయింది. కుడి మూల తాడు పీచు, ఒక బోల్టు. పైన నీలం రంగు పూసి మళ్ళీ గోకేశారు. గోకిన చోట అడుగునున్న ఎరుపు తొంగిచూస్తోంది. ఒప్పుకోవాలి, ఆ మూల బాగుంది. చేపల రేవులో పాత మరపడవ పక్కన నిలబడితే, ఏటేటా వేసిన రంగులు పొరలు పొరలుగా లేచి అచ్చం ఇలాగే ఉంటాయి. అక్కడ చేపల కంపు ఉంటుంది, ఇక్కడ ఏసీ ఉంది. 85,000లో ఏసీ వాటా ఎంతో తెలియలేదు.

తుప్పు ఎలా తెప్పించారని చిత్రకారుణ్ణి అడిగాను. ఇనుప రజనును జిగురుతో కాన్వాస్‌కు పట్టించి, వెనిగరు, ఉప్పునీళ్ళు చల్లి మూడు రోజులు ఆగాలట. మూడు రోజులు! సముద్రపు గాలి తగిలే మా వీధిలో గేటుకు రంగు వేసినవాడు కూలి డబ్బు లెక్కపెట్టుకునే లోపే కీలు దగ్గర ఎర్రబడుతుంది. వెనిగరు ఖర్చు కూడా లేదు.

అసలు దారుణం ఓడలు బాగుచేసే చోట జరుగుతోంది. అక్కడ మనుషులు ఎర్రటి ఎండలో సుత్తి పట్టుకుని ఓడ ఒంటికి పట్టిన తుప్పును రాల్చేస్తున్నారు. చిప్పింగ్ అంటారు ఆ పనిని. రాలిన పెచ్చులను చీపురుతో ఊడ్చి అవతల పోస్తున్నారు. తుప్పు వదిలించినవాడికి రోజుకూలి, పట్టించినవాడికి 85,000. లోకం ఏ విద్యను గౌరవిస్తోందో తెలుస్తూనే ఉన్నా, ఆ కూలీలు చీపురు వదలడం లేదు. కళాఖండాలను ధ్వంసం చేస్తున్నారని వాళ్ళ మీద ఇంతవరకు ఒక్క కేసైనా లేదు.

రేవును నమ్ముకుని బాగుపడటం కొత్తేమీ కాదు. 1872లో మొనే అనే చిత్రకారుడు ఫ్రాన్సులోని లె హావ్ర్ రేవును పొద్దున్నే చూసి, క్రేన్లూ పొగగొట్టాలూ మసకబారిన మంచులో ఒక ఎర్రని సూర్యుణ్ణి పెట్టాడు. రెండేళ్ళ తరువాత దాన్ని ప్రదర్శనలో పెడితే ఒక విమర్శకుడు 'ఇంప్రెషన్, సన్‌రైజ్' అన్న ఆ బొమ్మ పేరునే పట్టుకుని వెక్కిరించాడు. ఆ వెక్కిరింతే 'ఇంప్రెషనిజం' అనే చిత్రకళా ఉద్యమం పేరై కూర్చుంది. 1912లో పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను బొమ్మకు అంటించి, చుట్టూ ఫ్రేముకు బదులు తాడు బిగించాడు. పారిస్‌లో మూరెడు తాడుకు అంత కీర్తి దక్కితే, మన రేవులో ఓడలను కట్టే తాళ్ళు తొడంత లావున ఉండి కూడా అనామకంగా చివికిపోతున్నాయి.

ఇక మన రంగుల పెట్టె చూడండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల నుంచి రైలు దిగే ఇనుప ఖనిజం ఎరుపు. ఓడల్లో వచ్చే బొగ్గు నలుపు. ఒడిశాలోని దమన్‌జోడి నుంచి వచ్చే అల్యూమినా, అంటే అల్యూమినియం తీసే పొడి, తెలుపు. 1933లో మొదలైన మన రేవులో ఇప్పుడు ఇన్ని రంగులు ఇటు దిగుతూ అటు ఎక్కుతూ ఉన్నాయి. కాస్త గాలి వీస్తే చాలు, పాతనగరం వరండాలన్నీ కాన్వాసులే. కానీ ఇక్కడి ఆడవాళ్ళకు కళాదృష్టి తక్కువ. తెల్లారేసరికి తడిగుడ్డ తీస్తారు. మా పిన్ని ఒక్కతే నలభై ఏళ్ళలో ఎన్ని రేవులు తుడిచేసిందో లెక్కలేదు.

ప్రదర్శనకు ఆవిడనూ వెంటబెట్టుకు వెళ్ళాను. 'రేవు-7' ముందు చాలాసేపు నిలబడింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"ఏరా, దీన్ని తుడవడం మరిచిపోయారా?" అంది.

గట్టిగా అనవద్దని బతిమాలాను. లండన్‌లో రస్కిన్ అంతటి పెద్ద కళావిమర్శకుడు, విస్లర్ అనే చిత్రకారుడు గీసిన థేమ్స్ ఒడ్డు బొమ్మ జనం ముఖాన రంగు డబ్బా విసిరినట్టుందని రాసి, విస్లర్ వేసిన పరువునష్టం దావాలో 1878లో ఓడిపోయాడు. విస్లర్‌కు వచ్చిన పరిహారం ఒక్క ఫార్దింగే, అంటే పెన్నీలో నాలుగో వంతే. అయినా పిన్ని కొంగుముడిలో అంత చిల్లర కూడా ఉంచదు. మా అదృష్టం, చిత్రకారుడు చేతులు జోడించాడు. తన పనిని ఇంత లోతుగా ఇంతవరకు ఎవరూ చూడలేదన్నాడు.

మర్నాటి నుంచి పిన్ని ఇల్లంతా తుడిచి, వంటింటి కిటికీ గట్టు ఒక్కటి వదిలేస్తోంది. వారం గడిచేసరికి నల్లగా, అంచుల దగ్గర ఎర్రగా, చక్కగా పొర కట్టింది. నిన్న పక్కింటి పిల్లవాడు దాని మీద వేలితో తన పేరు రాశాడు. వీపు మీద ఒకటి వేద్దామని చెయ్యెత్తిన పిన్ని, ఏదో గుర్తొచ్చినట్టు దించేసింది.

"సంతకం కూడా అయిందిరా," అని నాకు ఫోను చేసింది. "ఎంత చెప్పమంటావు?"