ఆ కిటికీ ఒకసారి తెరిచి చూపించండి

జూన్ వస్తోందంటే రవాణా శాఖ వాళ్లు స్కూలు బస్సుల వెంట పడతారు. బ్రేకులు, అత్యవసర ద్వారం, మంటలార్పే సిలిండర్ చూసి ఫిట్‌నెస్ ఇస్తారు, లేని బస్సుల్ని సీజ్ చేస్తారు. మంచిదే. కానీ పిల్లలు బస్సులో ఉండేది గంటో గంటన్నరో, తరగతి గదిలో ఏడెనిమిది గంటలు. ఆ గది కిటికీ తెరుచుకుంటుందో లేదో చేత్తో తోసి చూసే అధికారి ఎవరు? గుర్తింపు ఫైల్లో సర్టిఫికెట్లు ఉంటాయంటారు. ఫైల్లో గాలి ఆడదు కదా!

ప్రైవేటు బడుల వాళ్లు ఇళ్లకనో షాపులకనో కట్టిన భవనాన్ని అద్దెకు తీసుకుంటారు. ఒక హాలుకి ప్లైవుడ్ అడ్డం పెట్టి రెండు గదులు చేస్తారు, ఉన్న కిటికీ ఒక గదికే పోతుంది. దానికీ బయటి నుంచి ర్యాంకర్ల ఫ్లెక్సీ, వెంటిలేటర్‌కి అట్టముక్క. మన దేశంలో బడుల ఆరోగ్య ప్రమాణాలు చెప్పేదేమో గదికి 40 మందికి మించకూడదని, తలుపులు కిటికీలు కలిపి నేల విస్తీర్ణంలో కనీసం 25 శాతం ఉండాలని, అవీ వేర్వేరు గోడలకు ఉండాలని. అంటే 400 చదరపు అడుగుల గదికి 100 చదరపు అడుగులు. టేపు తీసుకెళ్లి కొలిస్తే ఎన్ని బడులు నిలుస్తాయో! బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు సుమారు 420 ఉంటుంది; మూసిన గదిలో యాభై మంది కూర్చుంటే అది 1000 దాటడానికి ఎంతోసేపు పట్టదు. అంత గాలాడని గదిలో మగత వస్తుంది, మధ్యాహ్నం పిరియడ్‌లో పిల్లలు తూగితే మనం మాత్రం పప్పన్నాన్ని తిడతాం. ఈ ఒక్క విషయంలో ఎదురెదురు కిటికీలు, వరండా ఉన్న పాత సర్కారు బడే నయం.

పిల్లలు పడిపోతారనే కదా మూసేదని యాజమాన్యాలు అంటాయి. ఆ భయం నిజమే, పై అంతస్తులో కిటికీ పక్కనే బెంచీ వేస్తే ఎంత చిన్నవాడైనా ఎక్కేస్తాడు. అయితే బెంచీ జరపాలి, గ్రిల్ పెట్టాలి, అంతేగానీ వెల్డింగ్ చేసి శాశ్వతంగా బిగించేస్తే మంటలొచ్చిన రోజు దారేది? 2019 మే 24న సూరత్‌లో తక్షశిల కాంప్లెక్స్ పై అంతస్తు కోచింగ్ సెంటర్‌లో చిక్కుకున్న పిల్లలు కిందికి దూకారు, 22 మంది చనిపోయారు. 2004లో తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో ఒక బడిలో 94 మంది చిన్నారులు కాలిపోయాక కేసు సుప్రీంకోర్టుకెళ్లింది, బడులన్నీ జాతీయ భవన నియమావళి ప్రకారం అగ్ని భద్రత పాటించాలని 2009లో తీర్పు వచ్చింది. తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా అపార్ట్‌మెంట్ బడులకు కొత్తగా అనుమతులు వస్తూనే ఉన్నాయి.

మేం అడిగేది కోట్ల ప్రాజెక్టు కాదు. ప్రతి గదిలో ఒక గ్రిల్‌కైనా కీలు, లోపలి నుంచి తీయగల గడియ, అది టీచర్ చేతికందే ఎత్తులో. ఫ్లెక్సీలు ఈ వారమే పీకేయొచ్చు, దానికి జీవో అక్కర్లేదు. అడ్మిషన్‌కి వెళ్లే తల్లిదండ్రులు ఏసీ ఉందా అని కాకుండా ఆ కిటికీ ఒకసారి తీయమని అడగండి. విద్యాశాఖ అధికారులు మాత్రం బడులు తెరిచేలోగా గదిగదికీ వెళ్లి కొలవాలి, కొలిచిన లెక్క బడి గేటు మీద ఫీజుల పట్టిక పక్కనే అంటించాలి.