నీలి హెల్మెట్ ఫార్వర్డ్‌కి నా జవాబు

మా చెన్నై పెరంబూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో వారం నుంచీ ఒకటే ఫార్వర్డ్. నీలి హెల్మెట్ సైనికుడు కుర్చీలో కునుకు తీస్తున్న ఫొటో, కింద మూడు ముక్కలు: ఐక్యరాజ్యసమితి శాంతి సేనలు ఏ అంతర్యుద్ధాన్నీ చల్లార్చలేదు, శ్రీలంకలో మనవాళ్ల గతే సాక్ష్యం, పైగా మన డబ్బు దండగ.

శ్రీలంకతోనే మొదలుపెడతా, ఈ ఊళ్లో తగిలేది అదే కనుక. 1987లో వెళ్లిన ఐపీకేఎఫ్ (భారత శాంతి పరిరక్షక దళం) సమితి సేన కాదండీ. రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే చేసుకున్న ఒప్పందం మీద వెళ్లిన మన సైన్యం. ఆ కాగితం మీద అక్కడి తమిళ పులుల సంస్థ ఎల్‌టీటీఈ సంతకమే లేదు. జులైలో ఒప్పందం, అక్టోబరుకల్లా వాళ్లతోనే యుద్ధం. వెయ్యిమందికి పైగా జవాన్లు పోయారు. 1990 మార్చిలో మిగిలినవాళ్లు మద్రాసులో ఓడ దిగితే, ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లలేదు. అప్పట్లో హార్బర్‌లో పనిచేసిన మా మామయ్య ఇప్పటికీ ఆ మాటెత్తితే కాఫీ గ్లాసు పక్కన పెట్టేస్తాడు. ఆ బాధ నిజమే, సమితి ఖాతాలో రాయడమే తప్పు.

"ఏ యుద్ధాన్నీ" అన్నారు కదా, పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా చూడండి. పద్నాలుగేళ్లలో రెండు అంతర్యుద్ధాలు. 2003 ఆగస్టులో కొట్టుకున్న వర్గాలే ఘనా రాజధాని అక్రాలో శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టాక సమితి సేన దిగింది. మొదట్లో అభాసుపాలైంది కూడా. తుపాకీ అప్పగిస్తే రెండు విడతల్లో 300 డాలర్లన్నారు. డిసెంబరులో అనుకున్నదానికన్నా ఎక్కువమంది వచ్చిపడి, డబ్బుకోసం రాజధాని మన్రోవియాలో గొడవలు! ఆపేసి, ఏప్రిల్‌లో మళ్లీ మొదలెట్టారు. చివరికి లక్షమందికి పైగా ఆయుధాలు వదిలిన లెక్కలోకి వచ్చారు. 2007 నుంచి 2016 దాకా అధ్యక్షురాలి కార్యాలయం దగ్గర కాపలా కాసింది మన సీఆర్‌పీఎఫ్ ఆడవాళ్లే. 2018 మార్చిలో సేన వెళ్లిపోయింది. 2023లో అధ్యక్షుడు జార్జి వేయా కొద్ది తేడాతో ఓడి, గెలిచినాయనతో ఫోన్లో మాట్లాడి తప్పుకున్నాడు. యుద్ధం తిరిగిరాలేదు.

డబ్బు సంగతంటారా, ఒక దేశం పంపిన ఒక్కో సైనికుడికీ నెలకి 1,400 డాలర్ల పైచిలుకు సమితే ఆ దేశానికి కడుతుంది. ఆలస్యంగా కడుతుందని తిట్టండి, ఒప్పుకుంటా.

అసలు ఏకిపారేయాలనుంటే కరీబియన్ దేశం హైతీ ఉంది. 2010లో శాంతి సేన శిబిరం మురుగు నదిలో కలిసి కలరా పుట్టింది, దాదాపు పదివేలమంది పోయారు. సమితి నోట క్షమాపణ రావడానికి 2016 డిసెంబరు దాకా పట్టింది. ఫార్వర్డ్‌లో దీని ఊసే లేదు.